నేను తీసేసిన నాలుగు పేజీలు

ఒక ఆసుపత్రిలోనో, గోడౌన్‌లోనో కంప్యూటర్ వ్యవస్థ పెట్టేముందు అది అక్కడ పనిచేస్తుందా లేదా అని చూసి చెప్పడం నా ఉద్యోగం. మా అత్తగారు చుట్టాలకి "మా కోడలు కంప్యూటర్లు బాగుచేస్తుంది" అని చెబుతారు. నిజానికి నేను ఏదీ బాగుచేయను. వెళ్ళి కూర్చుంటాను, అడుగుతాను, రాసుకుంటాను. కరెంటు ఎంతసేపు ఉంటుంది, నెట్ ఎలా వస్తుంది, పని ఎవరి చేతుల మీదుగా నడుస్తుంది, ఇప్పుడు కాగితం మీద జరుగుతున్నది రేపు తెర మీద జరుగుతుందా, ఇవన్నీ చూసి చివర్లో సాధ్యమనో కాదనో రాస్తాను. ఆ రిపోర్టును మేము ఫీజిబిలిటీ అంటాం.

మా ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక టోకు బట్టల కొట్టు పైన, మూడో అంతస్తులో ఉంటుంది. కంపెనీ మొదలైన రోజున అందులో ఉన్నది మా సారు, నేను, ఒక కంప్యూటర్. ఇప్పుడు ముప్ఫై మందిమి. కొత్తగా ఎవరు చేరినా సారు నా పాత రిపోర్టు ఒకటి వాళ్ళ చేతికిచ్చి, "ఇది చదవండి. ఇలా రాయడం వచ్చాక నా దగ్గరికి రండి" అనేవారు. అద్దాల తలుపు అవతల ఆయన ఆ మాట అంటుంటే నాకు వినపడేది. వినపడనట్టు తల వంచుకుని పనిచేసుకునేదాన్ని. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి రెండు రకాల కూరలు వండేదాన్ని.

ఆ అమ్మాయి చేరినప్పుడు కూడా అలాగే నా రిపోర్టు ఇచ్చారు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. పామర్రు అవతల ఒక పల్లెటూరు. వాళ్ళ నాన్న కౌలుకి వ్యవసాయం చేస్తూ ఊరి చర్చిలో సంఘపెద్దగా ఉన్నాడు. రోజూ బస్సులో వచ్చేది, రోజూ బస్సులో వెళ్ళేది. రిపోర్టు రెండు రోజులు చదివి నా బల్ల దగ్గరికి వచ్చి, "చాలా బాగుంది మేడం. ఒక్క డౌటు. స్టాఫ్ అందరితో మాట్లాడానని రాశారు కదా, ఊడ్చే ఆవిడతో కూడా మాట్లాడారా?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఆవిడతో ఎందుకమ్మా?" అన్నాను.

"ఏ కాగితాలు చెత్తబుట్టలో పడతాయో ఆవిడకే కదా మేడం తెలిసేది."

నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఊడ్చే మనిషిని ఏమీ అడగలేదని ఆ మధ్యాహ్నమంతా గుర్తొస్తూనే ఉంది.

తరువాత ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల గోడౌన్ పని వచ్చింది. సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది కంప్యూటర్‌లో ఎప్పుడూ తప్పే చూపిస్తోందని, కొత్త వ్యవస్థ కావాలని వాళ్ళు అడిగారు. నేను ఆ వారం జ్వరంతో ఇంట్లో పడుకుంటే సారు ఆ అమ్మాయిని పంపారు. ఆమె మూడు రోజులు లారీల మధ్య ఎండలో నిలబడి వచ్చి ఒకటే పేజీ రాసింది. సరుకు లెక్కపెట్టేది వీధిలో, లారీ వెనక. కంప్యూటర్ ఉన్నది మేడ మీద, ఏసీ గదిలో. ఆ మెట్లు ఎక్కేలోపు లెక్క మారిపోతోంది. కొత్త వ్యవస్థ అక్కర్లేదు, ఉన్న కంప్యూటర్‌ని కిందికి దించి లారీ దగ్గర పెట్టండి. అంతే.

వాళ్ళు దించారు. గొడవ తీరిపోయింది. గోడౌన్ యజమాని ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడట. నేను జ్వరం తగ్గి ఆఫీసుకు వెళ్ళిన రోజున సారు ఇద్దరు కొత్త పిల్లలకి ఒక కాగితం ఇస్తూ, "ఇది చదవండి. ఇలా రాయాలి" అంటున్నారు. అది నా రిపోర్టు కాదు. ఆ ఒక్క పేజీ.

అసూయ అంటే కడుపులో మంట అంటారు. నాకు మంట పుట్టలేదు. చెవులు మూసుకుపోయినట్టు అనిపించింది. ఆ రోజు ఎవరేం మాట్లాడినా దూరం నుంచి వినపడినట్టే ఉంది. ఆ తరువాత నుంచి నేను ఆమెను చూడడం మొదలుపెట్టాను. ఎన్నింటికి వస్తోంది, టీకి ఎవరితో కిందికి దిగుతోంది, సారు ఆమె బల్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డారు. ఆమె చున్నీకి ఒక మూల కుట్టు ఊడిపోతే అది కూడా నా కంటికి కనపడింది, చిన్న సంతోషంగా. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అది అలాగే జరిగింది.

మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఒక సాయంత్రం అన్నం తింటూ, "వారం రోజుల నుంచి ఆ అమ్మాయి గురించే చెబుతున్నావు, గమనించావా?" అన్నారు. నేను గమనించలేదు. కంచం తీసేశాను.

ఆ వేసవిలోనే ఆసుపత్రి పని వచ్చింది. పామర్రు దాటి లోపలికి వెళ్ళే దారిలో ఒక ట్రస్టు నడిపే పాత మిషన్ ఆసుపత్రి. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి అదే దిక్కు. అక్కడి పెద్ద డాక్టరు ఒక ఆవిడ, అరవైకి దగ్గరపడ్డ మనిషి. అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ మా సారుకి చెప్పింది సూటిగా ఉంది. ఓపీ కౌంటర్‌లో ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్న సిస్టర్ వచ్చే ఏడాది రిటైరైపోతున్నారు. రోగి వచ్చి నిలబడితే పాత ఫైలు ఎక్కడుందో ఆ సిస్టర్‌కే తెలుసు. ఆవిడ వెళ్ళిపోయాక ఆ పని కంప్యూటర్ చేయగలదా? పేరో ఫోన్ నంబరో కొడితే ఫైలు తెర మీదికి రావాలి. వస్తుందా, రాదా, చూసి చెప్పండి.

"మీరిద్దరూ వెళ్ళండి" అన్నారు సారు. "ఆ అమ్మాయిది ఆ వైపే. ఉపయోగపడుతుంది."

నేను బందరు బస్సు ఎక్కేదాన్ని. ఉయ్యూరు దగ్గర చెరకు మడ్డి వాసన బస్సులోకి వచ్చేది. పామర్రు సెంటర్‌లో దిగేసరికి ఆ అమ్మాయి అప్పటికే షేర్ ఆటోలో నాకు సీటు ఆపి ఉంచేది. నేను ఆసుపత్రిలో నా పని నాకు తెలిసినట్టు చేశాను. గదులు కొలిచాను. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఎంతసేపటికి అందుకుంటుందో చూశాను. ఫార్మసీ వాళ్ళనీ ల్యాబ్ వాళ్ళనీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాను. అందరూ నాకు కుర్చీ వేసి, సీలు తీయని నీళ్ళ సీసా తెచ్చి ముందు పెట్టి, అడిగినదానికి జవాబు చెప్పి వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయి మొదటి రెండు రోజులు నాకు కనపడనే లేదు. వెతుక్కుంటూ వెళితే ఓపీ ముందు బల్ల మీద, జబ్బు మనుషుల వరసలో కూర్చుని ఉంది. పక్కన ఒక ముసలావిడ ఆమె భుజానికి తల ఆనించి నిద్రపోతోంది.

"ఏంటమ్మా ఇది?"

"ఏం జరిగిద్దో చూద్దామని మేడం" అంది గొంతు తగ్గించి, ఆ ముసలావిడ లేవకుండా.

ఆ మధ్యాహ్నం కౌంటర్ సిస్టర్ తన క్యారేజీ విప్పి ఆ అమ్మాయికి చేపల పులుసు వడ్డించింది. "తినవే, ఇంకొంచెం పెట్టుకో. ఏ ఇంటి పిల్లవో చెప్పావు కాదు" అంటోంది. కాసేపటికి ఆ అమ్మాయి మేనత్తా ఈవిడా ఒకే చర్చి క్వయర్‌లో పాడేవారని తేలింది. నేను అవతల బల్ల మీద నా పెరుగన్నం తింటున్నాను. సిస్టర్ నా వైపు చూసి, "మేడం గారూ, మీరు చేపలు తినరేమో కదండీ" అంది. మర్యాదగానే అంది. తిననని తల ఊపాను. కానీ నాకు కావలసింది చేప కాదు, ఆ 'వే' అనే పిలుపు. ఈ ఊళ్ళో ఎవరూ నన్ను అలా పిలవరని తెలిసి కూడా ఆ పిలుపు ఆమెకు దక్కిందని కుళ్ళుకున్నాను.

వెంటనే నాకు నేనే ఒక జవాబు చెప్పుకున్నాను. వాళ్ళ మనిషి కాబట్టి చెబుతున్నారు. ఇందులో తెలివేముంది, చుట్టరికం తప్ప. చాలా రోజులు ఆ జవాబు పట్టుకుని వేలాడాను. మా ఇంట్లో మూడు తరాలు బడిపంతుళ్ళు. విజయవాడలో నేను వెళ్ళిన సగం ఆఫీసుల్లో 'మీరు ఫలానా మాస్టారి మనవరాలా' అని కాఫీ తెప్పించి, అల్మారాలు తెరిచి చూపించారు. అప్పుడు అది నా తెలివేననుకున్నాను.

వారం చివర ఆమె నాకు నాలుగు పేజీలు పంపింది. 'కౌంటర్ దగ్గర నేను చూసినవి' అని పైన రాసింది. బస్సులో కూర్చుని ఫోన్‌లో చదివాను. కంకిపాడు దాటేలోపు పూర్తయింది. పూర్తయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందికి రెండేసి పేర్లున్నాయి. బళ్ళో వేసేటప్పుడు రాయించింది ఒకటి, బాప్తిస్మంలో పెట్టింది ఇంకొకటి. ఆధార్, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు మొదటి పేరు మీద. ఇంట్లో, వీధిలో, చర్చిలో రెండోది. ఆరోగ్య పథకం కార్డు పట్టుకొచ్చిన రోజు కాగితం పేరు చెబుతారు, మామూలు జ్వరానికి వచ్చిన రోజు చర్చి పేరు చెబుతారు. ఆ చర్చి పేర్లు కూడా ఊరికి నాలుగైదే. ఒకే ఇంట్లో తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే పేరు. ఫోన్ నంబరు అడిగితే సగం వీధి ఆశా వర్కరు నంబరే చెబుతుంది. సిస్టర్ ఇవేవీ అడగదు. "ఏ ఊరు? ఎవరి కోడలివి? కిందటిసారి దేనికొచ్చావు?" అని మూడే ప్రశ్నలు అడిగి, లేచి వెళ్ళి ఫైలు తీసుకొస్తుంది. పేరుతోనో నంబరుతోనో వెతికితే ఒకరి ఫైలు ఇంకొకరికి వస్తుంది. కాబట్టి అడిగిన వ్యవస్థ అడిగినట్టుగా సాధ్యం కాదు. ముందు సిస్టర్ ఉండగానే ఒక్కో ఊరు చొప్పున ప్రతి మనిషికీ ఫోటో ఉన్న కార్డు, ఒక నంబరు ఇవ్వాలి. రెండు పేర్లూ రాయాలి. ఎవరి ఇంటివాళ్ళో రాయాలి. ఆ పని అయ్యాకే కంప్యూటర్.

చివర్లో ఒక వాక్యం ఉంది. 'నాకు కూడా రెండు పేర్లు ఉన్నాయి. ఆఫీసులో మీకు తెలిసింది ఒకటి.'

ఆ నాలుగు పేజీలు నేను రాసి ఉండాల్సినవి. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నది నాకు. ఆ కౌంటర్ ముందు నేనూ పదిసార్లు నడిచాను, సిస్టర్ అడిగే మూడు ప్రశ్నలూ నా చెవిన పడ్డాయి. అవి ఊసుపోక కబుర్లనుకున్నాను.

రిపోర్టు తయారుచేసే పని నాది. మొత్తం అరవై పేజీలు వచ్చింది. ఆమె నాలుగు పేజీలు ఎక్కడ పెట్టాలా అని రెండు రోజులు చూశాను. అవి పెడితే మిగతా యాభై ఆరు పేజీలు ఎవరూ చదవరు. గదుల కొలతలు, జనరేటర్, వైర్లు అన్నీ చెత్తే. సారు మళ్ళీ ఆ నాలుగు పేజీలే విడిగా తీసి కొత్త పిల్లలకి ఇస్తారు. నాకది కళ్ళకు కట్టినట్టు కనపడింది. మూడో రోజున ఆ పేజీలు తీసేసి వాటి బదులు ఒక్క వాక్యం రాశాను. 'రోగుల పేర్ల నమోదులో కొన్ని తేడాలున్నాయి. సిబ్బందికి తగిన శిక్షణతో వీటిని అధిగమించవచ్చు.' కింద 'సాధ్యం' అని రాసి సంతకం పెట్టాను. సారు నా రిపోర్టులు లోపల చదవడం మానేసి చాలా ఏళ్ళయింది. అంత నమ్మకం.

ట్రస్టు వాళ్ళ ముందు రిపోర్టు చదివి వినిపించే రోజున ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, "పేర్లలో తేడాలని రాశారు. ఏం తేడాలండీ?" అని అడిగింది.

"మామూలువేనండీ. స్పెల్లింగులూ అవీ" అన్నాను.

ఆ అమ్మాయి తల తిప్పి నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. ఆమె నోరు తెరుస్తుందేమో అని గబగబా పేజీ తిప్పేశాను. తెరవలేదు.

తిరిగొచ్చేటప్పుడు పామర్రు బస్టాండులో అడిగింది. "మేడం, నా పేజీలు చదివారా?"

"చదివానమ్మా. పెద్దదైపోయింది. ట్రస్టు వాళ్ళు అంత చదవరు."

"సరే మేడం."

నా బస్సు వచ్చేదాకా నాతోపాటు నిలబడింది. మర్నాడు నేను సారు దగ్గరికెళ్ళి, ఆటోనగర్‌లో కొత్తగా వచ్చిన పనికి ఆ అమ్మాయైతే బాగుంటుంది, ఆసుపత్రి నేను చూసుకుంటాను అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. "మీరు ఆ పిల్లని పైకి తెస్తున్నారు" అన్నారు కూడా.

వర్షాలు మొదలయ్యేసరికి ఆసుపత్రిలో వ్యవస్థ పెట్టారు. ముందు రెండు ఊళ్ళ ఫైళ్ళు మాత్రం ఎక్కించి నడిపి చూద్దామనుకున్నాం. కౌంటర్‌లో కొత్తగా ఒక ఆపరేటర్‌ని కూర్చోబెట్టాం. సిస్టర్‌ని పక్క గదిలో ఇంజెక్షన్లు ఇచ్చే చోటికి మార్చారు. మొదటి వారం బాగానే నడిచింది. పేరు కొట్టగానే ఫైలు వస్తుంటే జనం తెరను వింతగా చూశారు. నేను గర్వంగా సారుకి ఫోటోలు పంపాను.

రెండో వారంలో ఒక రోజు ఉదయం నేను అక్కడే ఉన్నాను. నలభై ఏళ్ళ మనిషి ఒకావిడ జ్వరంతో, దగ్గుతో వచ్చింది. పేరు చెప్పింది, ఫోన్ నంబరు చెప్పింది. ఫైలు వచ్చింది. చిన్న డాక్టరు తెర మీద పాత వివరాలు చూసి, ఒక ఇంజెక్షన్ రాసి పంపాడు. ఆవిడ చీటీ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది. అర నిమిషం తరువాత సిస్టర్ గొంతు పెద్దగా వినపడింది.

"ఎవరు రాశారు ఇది? ఈవిడకి ఈ మందు పడదు. రెండేళ్ళ కిందట ఒళ్ళంతా వాచిపోయి, ఊపిరాడక చచ్చి బతికింది. నేనే దగ్గరుండి చూశాను. ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి కూడా పెట్టాను. చూసుకోరా?"

చిన్న డాక్టరు పరుగెత్తాడు. నేనూ వెళ్ళాను. తెర మీద ఎర్ర సిరా మాటే లేదు. ఉండదు, అది ఆవిడ ఫైలు కాదు. ఆవిడ తోడికోడలిది. ఇద్దరిదీ చర్చి పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, ఇచ్చిన ఫోన్ నంబరూ ఒకటే. ఎర్ర సిరా ఉన్న ఫైలు కాగితం పేరు మీద కంప్యూటర్‌లో ఇంకెక్కడో ఉంది.

ఆవిడ బల్ల మీద కూర్చుని మా అందరి ముఖాలూ చూస్తోంది. "ఏమైందమ్మా, నాకేమన్నా అయిందా?" అని అడిగింది. "ఏం కాలేదు, కూర్చో తల్లీ" అంది సిస్టర్.

డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిచింది. నా రిపోర్టు బల్ల మీద ఉంది. ఆ పేజీ తీసి ఆ వాక్యం పైకి చదివింది.

"శిక్షణతో అధిగమించవచ్చు అన్నారు. ఎవరికండీ శిక్షణ? ఆ ఆపరేటర్‌కా, రెండు పేర్లు పెట్టిన వాళ్ళ అమ్మకా?"

ఆపరేటర్ సరిగ్గా చూసుకోలేదండీ అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. అది చెప్పి ఉంటే నమ్మేవారు కూడా. కిటికీలోంచి చూస్తే ఆ ఆపరేటర్ కౌంటర్ దగ్గర ఏడుస్తూ నిలబడి ఉన్నాడు. తప్పు తనదేననుకుంటున్నాడు.

"దీని గురించి నాలుగు పేజీలు ఉన్నాయండీ" అన్నాను. "వివరంగా, ఏం చెయ్యాలో కూడా. అవి నేను తీసేశాను."

"ఎందుకు?"

"రాసింది నేను కాదు కాబట్టి."

డాక్టరమ్మ రిపోర్టు మూసి పక్కన పెట్టింది. తిడితే బాగుండుననిపించింది. "ఆ పేజీలు ఇవాళే పంపించండి. కంప్యూటర్ ఆపేయమని చెబుతున్నాను. సిస్టర్‌ని మళ్ళీ కౌంటర్‌లో కూర్చోమంటాను" అని లేచి వార్డుకు వెళ్ళిపోయింది.

విజయవాడలో బస్సు దిగి ఆఫీసుకు వెళ్ళకుండా ఆటో మాట్లాడుకుని ఆటోనగర్ వెళ్ళాను. ఆ అమ్మాయి లారీలకి బాడీలు కట్టే ఒక షెడ్డులో, వెల్డింగ్ మెరుపులకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాసుకుంటోంది. నన్ను చూసి బయటికొచ్చింది. రోడ్డు పక్కన లారీ నీడలో నిలబడి జరిగిందంతా చెప్పాను. డాక్టరమ్మతో అన్న మాట కూడా చెప్పాను. సుత్తుల చప్పుడు వల్ల కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటలు రెండుసార్లు గట్టిగా చెప్పడం చాలా కష్టం.

"ఆవిడ బాగానే ఉందా మేడం?" అంది ముందు.

"బాగానే ఉంది. ఇంజెక్షన్ ఇవ్వలేదు."

"నాకు తెలుసు మేడం, మీరు కావాలనే తీసేశారని. చాలా కోపం వచ్చింది. మా అమ్మ కూడా ఆ ఆసుపత్రికే వెళ్ళిద్ది. అమ్మక్కూడా రెండు పేర్లున్నాయి." చేతిలోని కాగితాలు మడిచింది. "కానీ ఆ రోజు మీటింగులో డాక్టరమ్మ గారు అడిగినప్పుడు నేను చెప్పాల్సింది. మీరు పెద్దవాళ్ళు, మీ ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. అది నా తప్పు. ఇంకెప్పుడూ అట్టా ఊరుకోను మేడం. మీరున్నా సరే."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అంత సిగ్గులోనూ నా మనసులో మెదిలిన మొదటి ఆలోచన ఏమిటంటే, తప్పు ఒప్పుకోవడం కూడా ఈ పిల్లకి నాకంటే బాగా వచ్చు అని. అసూయ పడడానికి నాకు అది కూడా సరిపోయింది.

సారుకి చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. "మీరా?" అని రెండుసార్లు అడిగారు. ఆ అడగడమే నాకు శిక్ష. ఆ రోజు నుంచి నా రిపోర్టులు ఆయన మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. పెన్సిలు పట్టుకుని మరీ చదువుతారు.

ఆసుపత్రి పని మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఈసారి పెద్ద ఆ అమ్మాయి. నేను ఆమె కింద. వైర్లు, జనరేటర్ నావి. మిగతాదంతా ఆమెది. ఊరూరా తిరిగి కార్డులు ఇచ్చే పనిలో ఒక శనివారం నన్ను కూడా తీసుకెళ్ళింది. చర్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. సిస్టర్ పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ చూసి, "ఈవిడ ఫలానా వాళ్ళ రెండో కోడలు, బీపీ ఉంది" అంటుంటే ఆ అమ్మాయి రాసుకుంటోంది. నేను ఫోటోలు తీస్తున్నాను. ఇంజెక్షన్ తప్పిన ఆవిడ, తోడికోడలు ఇద్దరూ కలిసే వచ్చారు. నేనెవరో వాళ్ళకి తెలియదు. "ఫోటో బాగా తియ్యండమ్మా, నవ్వనా వద్దా?" అని పెద్దావిడ అడిగింది. నవ్వమన్నాను. ఇద్దరికీ పేరు ఒకటే, కార్డు మీద నంబర్లు వేరు. పడని మందు పేరు కార్డు ముందువైపే ఎర్రగా రాశాం.

కొత్త రిపోర్టు పద్దెనిమిది పేజీలు. అడిగిన వ్యవస్థ ఇప్పుడు సాధ్యం కాదు, కార్డులు పూర్తయ్యాక మళ్ళీ చూడాలి అని అందులో ఉంది. సంతకం ఆమెది. నాది కింద, రెండోది. మా కంపెనీకి రావలసిన పెద్ద పని అలా వెనక్కి పోయింది. సారు ఒక పూట ముఖం చిన్నబుచ్చుకున్నారు గానీ మారు మాట్లాడలేదు. సిస్టర్ రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు వచ్చి కౌంటర్‌లో కూర్చుంటోంది. అన్ని ఊళ్ళ కార్డులూ అయ్యాక, కిందటి ఏడాది కంప్యూటర్ మళ్ళీ పెట్టారు. నంబరు కొడితేనే ఫైలు వస్తుంది, పేరు కొడితే రాదు. ఇప్పటివరకు ఫైలు తారుమారు అయిందన్న మాట వినలేదు.

ఆ అమ్మాయికి ఇప్పుడు మా ఆఫీసులో విడిగా గది ఉంది. నేను ఇంకా కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చుంటాను. మేమిద్దరం బాగానే మాట్లాడుకుంటాం. పోయిన నెలలో వాళ్ళ అమ్మగారికి కళ్ళ ఆపరేషన్ అయితే వెళ్ళి చూసొచ్చాను కూడా. ఇదంతా అయ్యాక నాలో ఆ జబ్బు పోయిందని రాయగలిగితే బాగుండేది. పోలేదు. అదొచ్చినప్పుడు ఇప్పుడు నాకు తెలుస్తుంది, అంతవరకే.

మొన్న శుక్రవారం తన కొత్త రిపోర్టు నాకు పంపి, "ఒకసారి చూస్తారా మేడం, మీ కన్ను పడితే నాకు ధైర్యం" అంది. నలభై పేజీలు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమో అని కాఫీ కూడా తాగకుండా వెతికాను. ముప్ఫై ఒకటో పేజీలో ఒక పట్టికకి వరస సంఖ్య తప్పు పడింది. ఎంత సంతోషమేసిందో. ఆ సంతోషం తగ్గేదాకా కాసేపు కూర్చుని, సంఖ్య దిద్ది, మిగతాదంతా చాలా బాగుందని రాసి పంపించాను. బాగుంది కూడా.